ఎడమ చెవి కొలత

మీడియం వద్దు, అది డబ్బాలోనే వచ్చింది, అది పట్టకనే కదా ఇక్కడికి వచ్చాను, చిన్నది చూపించు అన్నాను. గాంధీ చౌక్ వెనక సందులో ఈ దుకాణం, సెల్‌ఫోన్ సామాను అమ్ముతారు, ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీదే ఆగాలి. దుకాణం ప్రేమ్‌ది. గాజుబల్ల కింద నుంచి గడులున్న ప్లాస్టిక్ పెట్టె తీసి, ఇయర్‌ఫోన్ మూతికి తొడిగే రబ్బర్లన్నీ నా ముందు పరిచాడు, నల్లవి, తెల్లవి, బూడిద రంగువి, ఒక్కొక్కటి గోరంత కూడా లేదు. చిన్నది తొడిగి ఎడమ చెవిలో పెట్టుకున్నాను. తల తిప్పగానే జారి భుజం మీద పడింది. "ఏం పాటలు వింటరు మేడం? బేస్ మంచిగ రావాల్నంటే వేరే ఉన్నయి," అన్నాడు. పాటలు కాదు, మాటలు అన్నాను. మాటలకు ఏదైనా నడుస్తది మేడం అని నవ్వాడు. నడవదు నాయనా. నా ఫోన్‌లో నాలుగు నిమిషాల పన్నెండు సెకన్ల రికార్డింగ్ ఉంది, దాని చివర మా నాన్న, మేం బాపు అంటాం, నన్ను ఏదో అడిగాడు, నేను సరే అన్నాను. దేనికి సరే అన్నానో నాకు తెలియదు. బాపు పోయి రెండు నెలలైంది.

ఆఫీసులో పంటి నొప్పి అని చెప్పి గంట పర్మిషన్ తీసుకున్నాను. ఇన్సూరెన్సు ఆఫీసులో అబద్ధాలు బాగానే అలవాటయ్యాయి, దీనికి నోరు తడబడలేదు. ఇంతకు ముందు కూడా రబ్బర్లు ఈ దుకాణంలోనే కొన్నాను, వానాకాలం మొదట్లో. అవి ఎంత బాగా పట్టేవంటే బస్సులో కూర్చుని పెట్టుకుంటే ఇంజను మోత, కండక్టరు కేకలు, పక్కసీటు పిల్ల ఏడుపు, అన్నీ ఒక్కసారి తలుపు వేసినట్టు బయటే ఉండిపోయేవి. చూశావా ఎంత మంచివి దొరికాయో అని ఆఫీసులో వినీతకు పెట్టి మరీ చూపించాను. ఆ ఎడమది బాపు పదకొండో రోజున నీళ్ల దగ్గర ఎక్కడో పడిపోయింది. అలాంటిదే మళ్లీ ఇవ్వమంటే ఆ కంపెనీ మాల్ వస్తలేదు మేడం అన్నాడు ప్రేమ్. రికార్డింగ్ చేసిన రోజు మా బాపు మాట నా చెవికి చేరకుండా చేసినవి అవే. ఇప్పుడు ఆ మాటే వినడానికి అలాంటివే కావాలని వచ్చి నిలబడ్డాను, నా అంత సిగ్గులేని మనిషి ఈ సందులో ఇంకొకరు ఉండరు.

పెద్దది పెట్టుకున్నాను. చెవిలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టుంది, రెండు నిమిషాలకే దవడ దాకా లాగింది. అయినా ప్లే నొక్కాను. హుయ్, హే, ఛల్, హుయ్. బాపు కేక. అదంతా బాగానే వినిపిస్తుంది, దానికి ఇయర్‌ఫోన్లు కూడా అక్కర్లేదు, నలభై సెకన్లు మొక్కజొన్న చేనంతా దద్దరిల్లేట్టు అరిచాడు. అడవిపందుల కోసం. మా ఊరు రుద్రూర్ పక్కన, చెరుకు తగ్గిన దగ్గర నుంచి అందరూ మక్క వేస్తున్నారు, మక్క వేస్తే పందులు ఊరుకోవు. పక్క చేను భోజన్న ఎక్కడో సంతలో మైకు డబ్బా ఒకటి తెచ్చి కట్టాడు, దానంతట అదే రాత్రీపగలూ అరుస్తుంటుంది. దాంట్లో ఉన్న గొంతు ఎవరో మహారాష్ట్ర మనిషిది, మరాఠీలో తిడుతుంటాడు. నాలుగు రోజులు భయపడ్డ పందులు ఐదో రోజు దాని కిందే మేశాయట. బాపు నవ్వి నవ్వి చెప్పాడు నాకు. "మన పందులకు మరాఠి ఎట్ల ఎర్కైతది బిడ్డా, నా గొంతు పెట్టు, నన్నైతే గుర్తువడ్తయి." అందుకని ఒక ఆదివారం నేను ఊరికి పోయి, బోరు స్టార్టరు డబ్బా మీద నా ఫోన్ పెట్టి బాపు కేకలు రికార్డు చేశాను. మర్నాడు ఇక్కడికే తెచ్చి, కేకలున్న ముక్క మటుకు కత్తిరించి మైకు డబ్బా కోసం చిప్పులో ఎక్కించుకుపోయాను. మిగతా మూడున్నర నిమిషాలు ఏముందో వినలేదు. అరుపులు అయిపోయాయి కదా అనుకున్నాను.

"మేడం, గట్ల దొబ్బొద్దు, చెవి పైన పట్టుకొని ఎన్కకు గుంజి పెట్టాలె," అన్నాడు ప్రేమ్. గుంజి పెట్టాను. "ఇగ నోరు తెరిసి మూయుండ్రి. ఊసిపోకుంటే పట్టినట్టు." ఊసిపోలేదు గానీ నొప్పి. కుడి చెవికి మీడియం సరిగ్గా సరిపోయింది, ఎడమకు చిన్నది జారుతుంది, మీడియం గాలి వదులుతుంది, పెద్దది నొప్పి. రెండు చెవులు ఒక్క తీరు ఉండయి మేడం, ఎవలకూ ఉండయి అన్నాడు అతను, ఏదో ఓదారుస్తున్నట్టు. నలభై ఏళ్లు వచ్చాయి, నా ఎడమ చెవి కుడి చెవి కంటే పెద్దదని ఇప్పుడు తెలిసింది. బాపు చెవులు పెద్దవి. తమ్మెలకు చిన్నప్పుడు కుట్టించిన పోగుల రంధ్రాలు సాగి ఉండేవి. ప్రతి ఆదివారం తలంటు ముందు అవ్వ, అంటే మా అమ్మ, వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా ఆ చెవుల్లో పోసేది, దూది పెట్టేది, బాపు కళ్లు మూసుకుని గొడ్డులా కదలకుండా పడుకునేవాడు. పోయినేడు ఫోన్‌లో మాట్లాడటానికి ఇయర్‌ఫోన్లు కొనిచ్చాను. ఇవి నిలుస్తలేవే, జారుతున్నయి అన్నాడు. నూనె చెవుల్లో రబ్బరు ఎట్లా నిలుస్తుంది, ఆ మాత్రం ఆలోచన నాకు ఉండాలి కదా. డబ్బాలో అడుగున ఇంకా రెండు సైజులు కవరులో ఉన్నాయి, ఒక్కసారి తీసి పెట్టి చూడాలి కదా. అందరికీ పట్టేవి నీకే పట్టవా బాపూ అని కసిరాను. ఆయన డబ్బాలో ఎట్లా ఉన్నవి అట్లా సర్ది బీరువాలో పెట్టేశాడు. ఆ తర్వాత ఫోన్ మోగితే అవ్వకు ఇచ్చేవాడు.

బాపుకు చెవుడని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. కొంచెం కొంచెంగా పోయింది, పదేళ్లు పట్టింది. ఒకే మాట మూడుసార్లు అరిచి చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది, అందరం తల ఊపడం నేర్చుకున్నాం. మోటరు బంద్ చేసిండ్రా అంటే ఊపు, వాన వస్తదా అంటే ఊపు, తిన్నవా బిడ్డా అంటే తినకపోయినా ఊపు. ఆయనా అంతే, మేం ఏం చెప్పినా నవ్వి తల ఊపేవాడు. తమ్ముడు ట్రాక్టరు దిగి వచ్చి ఏదో చెప్పేవాడు, బాపు ఊపేవాడు, తర్వాత ఆ పని చేయకపోతే ముసలోడికి మతి పోయింది అనేవాడు తమ్ముడు. మతి ఎక్కడ పోయింది. వినపడనివాళ్లు గట్టిగా మాట్లాడతారంటారు, బాపు మాత్రం ఏటేటా మెల్లగా మాట్లాడేవాడు, ఆయన గొంతు ఆయనకే పెద్దగా వినిపించేదేమో. చివరికి ఆయన మాట మా దాకా రావడం కూడా మానేసింది. దగ్గరికి పోయి వినాలి. ఎవరికి తీరిక.

ఆ ఆదివారం నాకు మీటింగ్ ఉంది. సెలవు రోజు మీటింగ్ పెట్టే బుద్ధి మా మేనేజరుకు ఎవరిచ్చారో. ఆఫీసు ఫోన్ సంచిలో ఉంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎండకు తల మీదుగా చున్నీ కప్పుకున్నాను, బాపుకు అవి కనపడలేదు. నేను చెప్పలేదు. చెబితే అరవాలి, అరిస్తే చేతులతో సైగలు చేయాలి, అంత పెద్ద పని ఎందుకులే అనుకున్నాను. బాపు కేకలు వేశాడు, దగ్గాడు, అయిపోయిందా అన్నట్టు నా వైపు చూశాడు, తల ఊపాను. రికార్డింగ్ ఆపాల్సింది, అప్పుడే మేనేజరు మా టీమ్ పేరెత్తాడు, నేను అటు చెవి పెట్టాను. బాపు గట్టు మీద కూర్చుని, తువ్వాల మోకాలి మీద వేసుకుని, చేను వైపు చూస్తూ ఏదో మాట్లాడాడు. ఆయన పెదవులు కదిలాయి, నా తల ఊగింది. ఒకసారి నా వైపు తిరిగి అడిగాడు, మొహంలో ప్రశ్న ఉంది, ఆ మాత్రం చూశాను. సరే బాపు అన్నాను. ఆయన మొహం వెలిగింది. ఇంత చిన్నదానికి ఇంత సంతోషమా అనుకుని నేనూ నవ్వాను. మీటింగ్‌లో మా టీమ్ నంబర్లు చదువుతున్నారు.

ఇదంతా నాకు గుర్తే ఉండేది కాదు, భోజన్న అనకపోతే. పదకొండో రోజు భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "మీ బాపు నిన్నేదో అడిగిండట గద బిడ్డా. నువ్వు సరే అన్నవని ఎంత సంబురపడ్డడో. ఏందిరా అంటే చెప్పలే. మా బిడ్డకు నాకు నడుమ మాట అన్నడు. మరి గది చేసినవా?" తల ఊపాను. మళ్లీ ఊపాను. అదే నా చేతకానితనం. అవ్వను అడగాలంటే, నేను వినలేదని ఒప్పుకోవాలి. ఇంటికి వచ్చి ఫోన్ తీసి చూస్తే ఆ రికార్డింగ్ ఉంది, అప్పటి నుంచి దాని వెంటే పడ్డాను. స్పీకరులో పెడితే గాలి మోత. సౌండు పెంచితే బుస్సుమని శబ్దం, ఆ శబ్దం కింద బాపు గొంతు ఉన్నట్టే ఉంటుంది, ఒక్క మాట విడిపడదు. ఈ వదులు రబ్బర్లతో మెల్లని గొంతంతా పక్క నుంచి కారిపోతుంది. ఎవరికైనా ఇస్తే శుభ్రం చేసి ఇస్తారు కదా అన్నాడు మా ఆయన. ఇవ్వబుద్ధి కాలేదు. నాకు చెప్పిన మాట నాకంటే ముందు ఇంకొకరు వినడం నాకు ఇష్టం లేదు.

అప్పటి నుంచి ఎన్ని ఊహించానో. పొలం తమ్ముడికి వదిలెయ్యమన్నాడా. లేదా, నీ వాటా నువ్వు తీసుకో, వాడి మాట వినకు అన్నాడా. అవ్వను నీ దగ్గర పెట్టుకో అన్నాడా. అదే అయి ఉంటుందని ఒక వారమంతా నమ్మి, అవ్వను రమ్మని పోరు పెట్టాను, ఆవిడ రానంది, ఆ చేను విడిచి నేను రానే అంది. మళ్లీ చెరుకు వేద్దాం, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ తెరుస్తారట అని ఏమైనా అన్నాడా, ఆ ఆశ ఆయనకు పోలేదు. నా పెళ్లప్పుడు ఏదో మాట మిగిలిపోయిందా. తమ్ముడి తాగుడు సంగతా. ఏది అయినా చేస్తాను. ఎంత కష్టమైనది అయినా చేస్తాను, మాట ఇచ్చాను కదా, తెలియక ఇచ్చినా ఇచ్చినట్టే. అది తెలియాలి అంతే. రోజూ పొద్దున ఆఫీసు మెట్లెక్కుతూ అదే అనుకుంటాను, ఇవాళ కూడా చేయలేదు, ఏం చేయాలో తెలియక ఇవాళ కూడా చేయలేదు.

"గిది సూడుండ్రి," అని ప్రేమ్ స్పాంజిలాంటిది ఒకటి తీశాడు, ఫోమ్‌ది. ఇంతసేపు ఎందుకు దాచావయ్యా. దాచలే మేడం, రబ్బరుదైతే కడుక్కుంటే ఏండ్లు నడుస్తది, గిది మూడు నెలలకే పోతదని చెప్పలే అన్నాడు. దీన్ని వేళ్ల మధ్య సన్నగా నలపాలి, నలిపి వెంటనే చెవిలో పెట్టి, వేలితో ఒత్తి పట్టుకోవాలి, అది లోపల మెల్లగా ఉబ్బి చెవి ఆకారానికి సర్దుకుంటుంది. నలిపాను. ఎడమ చెవి పైకి లాగి పెట్టాను. ఇరవై దాకా లెక్కపెట్టుండ్రి అన్నాడు. పద్నాలుగు దగ్గర దుకాణం ముందు ఆగిన ఆటో చప్పుడు సన్నబడింది, పద్దెనిమిది దగ్గర సందు మొత్తం దూరంగా జరిగిపోయింది. నొప్పి లేదు. ఇప్పుడు ఆ అనుండ్రి అన్నాడు ప్రేమ్, అతని మాట పెదవుల్లోనే చూశాను. ఆ అన్నాను. నా గొంతు నా తలలోనే మోగింది. పట్టింది.

కేకలు వదిలేసి నలభై సెకన్ల నుంచి పెట్టాను. దగ్గు. నా గాజుల చప్పుడు. మక్క ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు, ఎక్కడో భోజన్న మైకు డబ్బా మరాఠీ తిట్లు. మూడో నిమిషం దాకా అంతే. ఆ తర్వాత బాపు, ఇంత దగ్గరగా, నా భుజం పక్కనే కూర్చున్నట్టు.

"నిరోషా, ఒక్క మాట చెప్త ఇనవే. అవ్వకు చెప్పకు, తమ్మునికి అసలే చెప్పకు. నాకు చెవులు మొత్తానికే ఇనవడ్తలేవు. మొన్న పందులు నేను కూసున్న మంచె కిందికెంచే పోయినయి, సప్పుడే రాలే. తెల్లారి సూస్తే నాలుగు సాళ్లు నేల మీద ఉన్నయి. కావలి ఉన్నోనికి చెవులు లేకుంటే ఎట్లనే. ఒక్కసారి నిజామాబాద్‌ల చెవుల డాక్టరుకు సూపియ్యి. రేపు కాదు, పై సోమారం వస్త. పదకొండు కొట్టేవరకు బస్టాండ్ల దిగుత, పుస్తకాల దుకాణం కాడ నిలవడ్త. నువ్వు ఇల్లు మారినంక నాకు తెల్వదు గద. నీకు పనుంటే చెప్పు, ఇంకో దినం వస్త. పనున్నదా?"

"సరే బాపు." అది నేను.

"అయితే వస్త," అన్నాడు బాపు. ఇంకా కొంచెం గాలి, అంతే, అయిపోయింది.

నేను చెవుల్లోంచి తీయలేదు. ప్రేమ్ ఏదో అడుగుతున్నాడు. పనున్నదా అంటే సరే అన్నాను. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి, ఆ మాటకు ఆయన మొహం వెలిగింది. ఇంత చిన్నది. ఒక పూట. ఆఫీసుకు ఇవాళ చెప్పినట్టే పంటి నొప్పి అని చెబితే సరిపోయేది. బస్టాండు ఇక్కడికి ఎంత దూరం, నడిస్తే పది నిమిషాలు, నా ఆఫీసు నుంచి ఇంకా దగ్గర. ఆ సోమవారం నేను ఏం చేశాను, ఏమీ గుర్తు లేదు, ఏమీ జరగని సోమవారం అది, అన్నం తిని ఉంటాను, వినీతతో టీ తాగి ఉంటాను. ఆ తర్వాత బతుకమ్మకు ఊరికి పోయినప్పుడు బాపు వాకిట్లోనే ఉన్నాడు. మంచిగున్నవా బిడ్డా అన్నాడు, తల ఊపాను. రాలేదేమే అనలేదు. ఒక్కసారి కోపం చేసి ఉంటే, ఆ చేత్తో ఒక్కటి వేసి ఉంటే. ఎందుకు అనలేదు బాపూ. ఏమో, అసలు వచ్చాడో లేదో, పని పడి ఆగిపోయాడేమో, వాన పడిందేమో, రాకపోయి ఉండవచ్చు. అవును, రాలేదేమో. మెట్టు దిగి సందులో గోడ పక్కన నిలబడి అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, బతుకమ్మకు ముందు ఒక సోమవారం బాపు నిజామాబాద్ వచ్చిండా?"

"వచ్చిండు గదనే," అంది అవ్వ, అదేం ప్రశ్న అన్నట్టు. "నీ దగ్గరికే వచ్చిండు గద. తెల్లంగి తొడుక్కొని పొద్దుగాల్నే పోయిండు, దీపాలు పెట్టినంక ఇల్లు జేరిండు. బిడ్డ ఇంట్ల తిన్న అన్నడు. పిలువక పోయి బిడ్డ ఇంట్ల తిన్నడంటే నలుగురు నవ్వుతరని ఎవలకూ చెప్పకన్నడు, గందుకే నిన్ను గూడ అడగలే. ఇల్లు మంచిగున్నదట, గాలి మంచిగొస్తదట. కోడికూర వండినవట గద. కూరల ఉప్పే జర ఎక్కువైందన్నడు." మళ్లీ అడిగింది, ఇంకా వినాలని ఉన్నట్టు, ఆయన గురించి ఎవరైనా ఇంకో మాట చెబితే బాగుండునన్నట్టు. "కడుపు నిండ తిన్నడానే?"

ఎడమ చెవిలో అవ్వ ఊపిరి కూడా వినిపిస్తోంది.

"తిన్నడే అవ్వా," అన్నాను. "రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్నడు. ఉప్పు నిజంగనే ఎక్కువైంది ఆ దినం."